దుమ్ము పోతుంది... దగ్గు పోతుందా?

ఆదివారం పొద్దున్నే కాలింగ్ బెల్ మోగుతుంది. తలుపు తీస్తే మెడలో ఐడీ కార్డు, చేతిలో నిలువుగా పట్టుకుని తోసే పొడవాటి వ్యాక్యూమ్ క్లీనర్‌తో ఓ కుర్రాడు. ‘కొనక్కర్లేదు మేడమ్, అయిదు నిమిషాలు చూస్తే చాలు’ అంటాడు. నేరుగా పడకగదిలోకి వెళ్లి, పరుపు మీద దుప్పటి తీసి, యంత్రం మూతికి నల్లగుడ్డ ముక్క అడ్డం పెట్టి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పుతాడు. గుడ్డ తీసి చూపిస్తే దాని మీద బూడిదలాంటి పొడి. ‘రోజూ పాప పడుకునేది దీని మీదే’ అంటాడు. పాపకు రాత్రిళ్లు దగ్గు వస్తోందని మాటల్లో మీరు అప్పటికే చెప్పేసి ఉంటారు. ఇక ధర 50 వేలన్నా సరే, నెలకింత చొప్పున కట్టొచ్చులే అనిపిస్తుంది.

మా ఇంట్లోనూ ఈ ప్రదర్శన జరిగింది. మేం కొనలేదు గానీ ఆ రాత్రి పరుపు మీద వాలాలంటే మనసొప్పలేదు. తర్వాత ఈ విషయం కాస్త చదివాక అర్థమైంది... ఆ నల్లగుడ్డ పరీక్షలో పాసయ్యే పరుపు ఏ ఇంట్లోనూ ఉండదు. మన ఒంటి నుంచి రోజూ రాలే చర్మం పొట్టు, దూది నూగు, కిటికీలోంచి వచ్చిన మట్టి... అన్నీ కలిస్తేనే ఆ పొడి. పరుపులో దుమ్ముందని అది చెబుతుంది. పాప దగ్గుకు కారణం అదేనని మాత్రం చెప్పదు.

అలాగని దుమ్మును కొట్టిపారేయలేం. పరుపుల్లో, దిండ్లలో కంటికి ఆనని డస్ట్ మైట్లు ఉంటాయి. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. రాలిన చర్మం పొట్టే వాటి ఆహారం. వాటి విసర్జనలోని ప్రొటీన్లు కొందరిలో తుమ్ములు, ముక్కు కారడం, పిల్లికూతలు తెప్పిస్తాయి. గాలిలో తేమ 50 శాతం కన్నా తక్కువగా చాలాకాలం ఉంటే అవి ఎండిపోయి చస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమే కాబట్టి వాటికి అక్కడ లోటు లేదు.

మరి వ్యాక్యూమ్ క్లీనర్ వాటిని లాగేయదా? పైనున్న దుమ్మును, విసర్జనలో కొంతను లాగుతుంది. బతికున్న మైట్లు మాత్రం దారాలను కాళ్లతో పట్టుకుని పరుపు లోపలే ఉండిపోతాయి. కొన్నాళ్లకు సంఖ్య మామూలే. ఆస్తమా ఉన్నవాళ్ల ఇళ్లలో మైట్లను తగ్గించే పద్ధతుల మీద జరిగిన 54 పరీక్షలను 2008లో కాక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. రసాయనాలు, పరుపు తొడుగులు, యంత్రాలు... దేనితోనూ ఆస్తమా చెప్పుకోదగ్గంతగా తగ్గినట్టు తేలలేదు. డబ్బు పెట్టే ముందు ఈ ఒక్క ముక్క గుర్తుంటే మేలు.

అసలు బాధ డబ్బు గురించి కూడా కాదు. పిల్లాడికి డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే ‘అలవాటైపోతుందేమో’ అని రెండు వారాలకే మానిపించే ఇళ్లు మనకు కొత్త కాదు. ఆ భయం మనసులో ఉన్నప్పుడే ‘మందు లేకుండా దగ్గు పోతుంది’ అనే యంత్రం గుమ్మంలోకి వస్తుంది. ఏ అమ్మానాన్నకైనా ఆశ పుట్టదూ? కానీ ఇన్‌హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. వ్యసనమేమీ కాదు. మంచి యంత్రం కొన్నాం కదా అని దాన్ని ఆపితే, ఒక రాత్రి ఎగశ్వాసతో ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. కాబట్టి ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి. అవసరమైతే స్కిన్ ప్రిక్ టెస్టు చేయించండి. మైట్లు పడవని తేలితే అప్పుడు దిండుకు, పరుపుకు జిప్పున్న మైట్ ప్రూఫ్ తొడుగులు వేయొచ్చు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకొచ్చు. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్లలో ఆ సెట్టింగు ఉంటుంది. ఇవన్నీ మందుకు తోడు మాత్రమే. తేలింది బొద్దింకలనో, పెంపుడు పిల్లి అనో అయితే పరుపు మీద పెట్టే ఖర్చంతా దండగ.

ఇక యంత్రం సంగతి. నిలువు వ్యాక్యూమ్ క్లీనర్‌ను తయారుచేసిందే ఓ ఆస్తమా రోగి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్‌లో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. తివాచీలు ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ముతో దగ్గు వచ్చేది. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి యంత్రం కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని కొన్న హూవర్ పేరే తర్వాత లోకానికి తెలిసింది. ఇక్కడ గమనించాల్సింది... అతని సమస్య తివాచీ. అడుగున గిరగిరా తిరిగే బ్రష్షు ఉన్నది తివాచీ నూలులో ఇరుక్కున్న దుమ్మును దులపడానికే. గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచిన అమెరికా ఇళ్లలో ఉండే మన పిల్లలకు అది నిజంగా అవసరం.

మన ఇళ్లలో ఉన్నవి టైల్సు, గ్రానైటు. వాటి మీద దుమ్ము లేవకుండా తీయడానికి తడిగుడ్డ చాలు. మనం చేసే తప్పు అంతకు ముందే జరుగుతుంది. పిల్లలింకా పడుకునే ఉంటారు, పైన ఫ్యాను తిరుగుతుంటుంది, పొడి చీపురుతో ఊడ్చేస్తుంటాం. ఫ్యాను ఆపి, పిల్లల్ని వేరే గదిలోకి పంపి, ఊడ్చే బదులు తడిగుడ్డే రెండుసార్లు పెట్టించండి. పనమ్మాయి ఊపిరితిత్తులకూ అది మంచిది. ఆమె రోజుకు నాలుగైదు ఇళ్ల దుమ్ము పీలుస్తుంది, ఈ సంగతి మనకు గుర్తే రాదు.

అలాగని ఎవరూ కొనొద్దని కాదు. నడుం నొప్పితో వంగలేనివాళ్లకు, పనిమనిషి దొరకని అపార్ట్‌మెంటు వాళ్లకు, ఇంట్లో కుక్క ఉండి సోఫా నిండా బొచ్చు ఉన్నవాళ్లకు ఇది సుఖమే. సుఖం కోసమని కొనండి, తప్పేం లేదు. అప్పుడు చూడాల్సినవి వేరు. వాట్లు ఎక్కువుంటే బాగా లాగుతుందనుకోకండి. వాట్లంటే కరెంటు ఎంత తాగుతుందన్నది. ఐరోపాలో 2017 నుంచి 900 వాట్లు దాటినవాటి అమ్మకమే నిలిపేశారు, అక్కడి ఇళ్లేమీ మురికిగా లేవు. ‘హెపా టైప్’ అని రాస్తే అది హెపా కాదు. హెచ్13 లాంటి గ్రేడు రాసి ఉండాలి. ఫిల్టరు మంచిదైనా బాడీ అతుకుల్లోంచి గాలి కారితే సన్నటి దుమ్ము వెనకనుంచి మళ్లీ గదిలోకే వస్తుంది. బ్యాటరీవైతే ఫుల్ పవర్ మీద ఎన్ని నిమిషాలు వస్తుందో అడగండి. చాలా మోడళ్లలో పది నిమిషాలు రావడమే గగనం. కొత్త బ్యాటరీ ధరెంత, ఫిల్టరు మీ ఊళ్లో దొరుకుతుందా అన్నవీ అడగండి. అమెరికా నుంచి అబ్బాయి తెస్తానంటే వద్దనండి. అక్కడివి 120 వోల్టులవి, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతాయి.

ప్రదర్శనకు వచ్చిన కుర్రాణ్ని చివరగా ఒకటి అడగండి. నల్లగుడ్డ పక్కన పెట్టి, దుమ్ము చేరిన డబ్బాను మీ ముందే ఖాళీ చేసి చూపించమనండి. సంచి లేని రకమైతే ఆ డబ్బా తెరిచినప్పుడు లేచే దుమ్మును కిటికీలోంచి పడే ఎండలో నిలబడి చూడండి. అప్పుడు మాత్రం పాపను దగ్గరకు రానివ్వకండి.