ఏ ఊరని రాయించారు?

హోసూరు పక్క ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే ఈ మధ్య మాటలు ఎటు తిరిగినా ఒకచోట ఆగుతున్నాయి: "మన దిక్కున నెత్తురు కేన్సరు ఎక్కువైపోయింది." గులాబీ తోటలకు కొట్టే మందులంటారొకరు, సిప్‌కాట్ పారిశ్రామికవాడ పొగంటారు మరొకరు. అనుమానపడటం తప్పేమీ కాదు. పరిశ్రమల రసాయనాల్లో ఒకటైన బెంజీన్ ఎముక మజ్జను దెబ్బతీసి ల్యుకేమియా తెస్తుందని ఎప్పుడో రుజువైంది. అయితే ఎక్కువైందనాలంటే దేనికంటే ఎక్కువో తెలియాలి కదా.

ఈ జబ్బుకు చోటుతో సంబంధం ఉన్నమాట నిజమే. 1958లో ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ పిల్లల దవడల్లో లేచే ఒక కణితి గురించి రాశాడు. తర్వాత ఊరూరా వెతికిచూస్తే ఆ కణితి (లింఫోమా, అదీ నెత్తురు కేన్సరే) మలేరియా వదలని ప్రాంతాల్లోనే ఎక్కువగా కనబడింది. నైరుతి జపాన్‌లో తల్లిపాల ద్వారా బిడ్డకు సోకే వైరస్ ఒకటి, కొందరిలో దశాబ్దాల తర్వాత ల్యుకేమియాగా బయటపడుతుంది. ఇక అమెరికా, ఐరోపాల్లో ముసలితనంలో మామూలుగా కనిపించే క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా మన దేశంలో అరుదు. అమెరికాలో స్థిరపడిన ఆసియా వాళ్లలోనూ తక్కువే. నీళ్లు మారాయి, తిండి మారింది, అది మాత్రం మారలేదు. దాని వేరు చాలావరకు వంశంలో ఉందన్నమాట.

మైలోమా అనే మరో నెత్తురు కేన్సరు సంగతి వేరు. అది ఎక్కువగా అరవై దాటినవాళ్లకు వచ్చేది కాబట్టి పెద్దవాళ్లు ఎక్కువున్న ఊళ్లో ఎక్కువే కనిపిస్తుంది. నీరసమంటే పరీక్షలు చేయకుండా ఐరన్ మాత్రలిచ్చి పంపేసే ఊళ్లో అసలు లేనట్టే ఉంటుంది.

మన కృష్ణగిరి జిల్లాది ఇంకో తిప్పలు. హోసూరుకు చెన్నై దాదాపు మూడొందల కిలోమీటర్లు, బెంగళూరు నలభై. జబ్బుపడ్డవాడు అత్తిబెలె దాటి బెంగళూరులోని కిద్వాయి కేన్సర్ ఆసుపత్రికి పోతాడు గానీ చెన్నైలోని అడయారు కేన్సర్ ఆసుపత్రి దాకా ఎందుకు పోతాడు? 1981లో ఐసీఎంఆర్ జాతీయ కేన్సర్ నమోదు తలపెట్టినప్పుడు ముంబయితోపాటు తొలి వరసలో నిలిచినవి చెన్నై, బెంగళూరులే. ఆ నమోదులో రోగిని వైద్యం జరిగిన ఊరి కింద రాయరు, కనీసం ఏడాదిగా కాపురమున్న ఊరి కింద రాస్తారు. మనవాళ్లేమో బెంగళూరులో అల్లుడింటి చిరునామా రాయిస్తారు. ఉత్తరాలు అందుతాయనో, ఫోనుకు మనిషి దొరుకుతాడనో. అంతే, మన జిల్లాలోని డెంకణికోట మనిషి కాగితం మీద బెంగళూరు వాడైపోతాడు, మన లెక్కలోంచి జారిపోతాడు. బడిలో, భాషలో రాష్ట్రాల సరిహద్దు మనల్ని ఇబ్బంది పెట్టింది చాలదా? ఇక్కడ మాత్రం తప్పు చేజేతులా చేస్తున్నాం.

దూరదేశాల్లో ఉన్న మనవాళ్లలో చాలామంది ఇంటి పెద్దల ఆసుపత్రి ఫారాలు అక్కణ్ణుంచే నింపుతున్నారు. ఈసారి నింపేటప్పుడు అమ్మానాన్నలు నిజంగా ఉంటున్న ఊరు, తాలూకా రాసి, జిల్లా కృష్ణగిరి అని పెట్టండి. ఫోను నంబరు కావాలంటే మీదే ఇవ్వండి.