బందరుకు కావలసిన చదువు

మేధోసంపత్తి చట్టాలనూ కంప్యూటర్ సైన్సునూ కలిపి చెప్పే పీజీ కోర్సు ఒకటి బందరులో, అంటే మచిలీపట్నంలో, కృష్ణా విశ్వవిద్యాలయంలో పెట్టాలి. ఎల్‌ఎల్‌బీ లేకపోయినా బీటెక్ పిల్లలు అందులో నేరుగా చేరగలగాలి. నేను పాలకాయతిప్ప ఆడపడుచును, అవనిగడ్డ కోర్టులో వకీలును. నా దగ్గరికి వస్తున్న కాగితాలు చూశాకే ఈ మాట అంటున్నాను.

మా అన్నయ్య చేపల వేటకు వెళతాడు. వాళ్లబ్బాయి కంప్యూటర్ సైన్సులో బీటెక్ చేశాడు. సముద్రం పైనీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ ఉపగ్రహాలతో కనిపెట్టి, చేపలు ఎటువైపు దొరకవచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చెబుతుంటుంది. ఆ వివరాలకు గాలివాటం, డీజిల్ ఖర్చు కలిపి, ఇవాళ పడవ తీస్తే గిట్టుతుందో లేదో తెలుగులో చెప్పే యాప్ రాశాడు మావాడు. ఎవరో కంపెనీవాళ్లు కొంటామని ఒప్పంద పత్రం పంపారు. అది పట్టుకొచ్చి, "అత్తా, దీనికి పేటెంటు వస్తుందా? సంతకం పెట్టెయ్యనా?" అన్నాడు.

1970 నాటి పేటెంట్ల చట్టంలో 3(కె) సెక్షను ఉంది. వట్టి కంప్యూటర్ ప్రోగ్రాము, ఆల్గరిథం, లెక్కల పద్ధతి, వ్యాపార పద్ధతి ఆవిష్కరణలు కావని అది అంటుంది. 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు మాత్రం, సాంకేతికంగా ఒక ఫలితం చూపించే ఆవిష్కరణను అందులో ప్రోగ్రాము ఉందన్న ఒక్క కారణంతో తోసెయ్యకూడదని చెప్పింది. మావాడు రాసింది వట్టి లెక్కా, సాంకేతిక ఫలితమా? తేల్చాలంటే కోడ్ చదవాలి. నాకు సెక్షన్లు వచ్చు, కోడ్ రాదు. వాడికి కోడ్ వచ్చు, సెక్షన్లు రావు.

ఇద్దరం కూర్చుని ఒక్కో ఫైలూ తెరిచాం. మ్యాపు చూపించే భాగం జీపీఎల్ లైసెన్సు కింద ఎవరో ఉచితంగా ఇచ్చిన కోడ్. అలాంటి కోడ్ కలిపి చేసిన ప్రోగ్రామును ఇంకొకరికి ఇస్తే అవే షరతుల మీద, సోర్సు కోడుతో సహా ఇవ్వాలి. ఒప్పందంలోనేమో ప్రతి అక్షరమూ నా సొంతం, తేడా వస్తే నష్టం నేనే భరిస్తాను అని వాడి చేత రాయిస్తున్నారు. అప్పుడే కాలేజీ దాటిన పిల్లవాడి మెడకు ఆ పూచీ తగిలించడం అన్యాయం. ఆ భాగం తీసేసి సొంతంగా రాసుకున్నాకే సంతకం అని చెప్పాను. నాలుగేళ్ల చదువులో లైసెన్సు చదవడం గురించి వాడికి ఒక్క క్లాసూ జరగలేదట.

ఇలాంటి చదువు దేశంలో లేకపోలేదు. ఇంజినీర్లను చేర్చుకుని మేధోసంపత్తి ప్రధానంగా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చెప్పే స్కూలు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 2006 నుంచీ ఉంది. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం పేటెంట్ చట్టంలో దూరవిద్య డిప్లొమా ఇస్తోంది. కానీ ఖరగ్‌పూర్ వెళ్లి మూడేళ్లు చదవడం మా దివిసీమలో ఎన్ని ఇళ్లకు సాధ్యం? పేటెంట్ ఏజెంటుకు లా డిగ్రీ అక్కర్లేదని కూడా మన పిల్లలకు చెప్పే దిక్కు లేదు. సైన్సో ఇంజినీరింగో డిగ్రీ ఉండి, 21 ఏళ్లు నిండి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష గట్టెక్కితే చాలు. బీఏ మీద లా చదివిన నాకు ఆ పరీక్ష రాసే అర్హతే లేదు. మావాడికి ఉంది.

బందరే ఎందుకంటారా? పక్కనే కలంకారీ అద్దకం చేసే పెడన ఉంది. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన బట్ట మీద టేకు అచ్చుతో పటిక అద్దితే అప్పటికి ఎరుపు కనిపించదు, బట్టను రంగులో ఉడకబెట్టాక తేలుతుంది. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లే నలుపు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, నిజమే. అయితే అది కాపాడేది పేరును. ఆ బట్ట మీది లతనూ నెమలినీ ఫొటో తీసి, ఎక్కడో మిల్లులో డిజిటల్ ప్రింటు కొట్టి ఇంకో పేరుతో అమ్మితే ఆ గుర్తింపుతో పట్టుకోవడం కష్టం. డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయిస్తే పదేళ్లు, ఆపైన మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది, అదీ కొత్త డిజైను అయితేనే. రిజిస్టరు చేయించకుండా యాభైకి మించి ప్రతులు తీస్తే, కాపీరైట్ చట్టం 15వ సెక్షను కింద ఉన్న కాపీరైటూ పోయే ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి ఒకే అచ్చుతో అద్దేవాళ్లకు యాభై ఒక లెక్కా?

ఇప్పుడు ఏఐ బొమ్మలు వచ్చాయి. కలంకారీ అని టైపు చేస్తే క్షణాల్లో అంచుతో సహా గీసిస్తున్నాయి. ఆ యంత్రం ఎవరి బట్టలు చూసి నేర్చుకుంది? తమ వార్తలను ఏఐ శిక్షణకు వాడుకున్నారని వార్తాసంస్థ ఏఎన్‌ఐ 2024లో ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. పెడన అద్దకం పనివాడు వెళ్లాలంటే ఎవరిని పట్టుకు వెళతాడు? రెండు బొమ్మలను పోల్చే ప్రోగ్రాము రాయగలిగి, దాని ఫలితాన్ని జడ్జిగారు ఒప్పుకునే సాక్ష్యంగా నిలబెట్టగలిగిన మనిషి జిల్లాలో నాకు ఒక్కరూ తెలియదు.

ఉద్యోగాలు వస్తాయా అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు లైసెన్సులు చూసేవాళ్లు కావాలి, పేటెంట్ పని చేసే ఆఫీసులకు ఇంజినీర్లు కావాలి. రెండు రకాల చదువులు కలపడం బందరుకు కొత్తా కాదు. 1910లో ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టిన కోపల్లె హనుమంతరావు గారు లా చదివినవారే. పుస్తకాల చదువూ చేతిపనీ ఒకచోట నేర్పాలని ఈ ఊళ్లోనే పూనుకున్నారు.

ఇరవై సీట్లతో మొదలుపెట్టినా చాలు. సగం బీటెక్ వాళ్లకు, సగం లా వాళ్లకు ఇచ్చి, ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాలి. మన రాష్ట్రం దరఖాస్తులు చూసే చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి అధికారులను పిలిచి పాఠాలు చెప్పించాలి. పెడనలో ఇంటింటా ఉన్న అచ్చులను ఫొటోలు తీసి, ఎవరు ఎప్పుడు చెక్కారో తేదీలతో నమోదు చేసే పని మొదటి బ్యాచికే అప్పగించాలి. పాత అచ్చులు పుచ్చిపోకముందే ఆ పని జరగాలి.