పంటలో పాలు

పిల్లలూ! "పాలు" అనగానే మీకు గ్లాసు గుర్తుకు వస్తుంది. కాని పాలు అంటే వాటా అనికూడా అర్థం ఉన్నది. కష్టసుఖాలలో పాలు పంచుకోవటం అన్న మాట మీరు వినే ఉంటారు. ఈ నెల ఆ పాలును గురించి చెప్పుకుందాం.

ధర్మవరం నుంచి పాకాల పోయే రైలుమార్గంలో ముదిగుబ్బ అనే ఊరున్నది. ఆ అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వానే పడుతుంది. మెట్టచేలలో ముఖ్యమైన పంట వేరుశనగ. జూన్, జూలై నెలలలో పదును కాగానే రైతు విత్తనం కొనాలి, కూలి ఇవ్వాలి. చేతిలో డబ్బు లేకపోతే అప్పు చెయ్యాలి. తీరా ఊడలు దిగేవేళకు వాన మొగం చాటేసిందనుకోండి, కాయ ఊరదు. పంట పోయినా అప్పు పోదు! ఆ నష్టమంతా రైతుదే. అంగట్లో కొనుక్కు తినే మనకు ఆ సంగతే తెలియదు.

ఈ భారం పంచుకోవటానికి ఒక ఉపాయం ఉన్నది. జపానులో 1970 తరవాత రైతులూ, తినేవాళ్లూ నేరుగా ఒప్పందం చేసుకోసాగారు. అమెరికాలో 1986లో రెండు పొలాలవాళ్లు ఇటువంటి పనే మొదలుపెట్టారు.

అది ఎలాగంటే: ఒక రైతుకు సాగుకూ, ఇల్లు గడవటానికీ 1,00,000 రూపాయలు కావాలనుకుందాం. 20 కుటుంబాలవాళ్లు తలా 5,000 రూపాయలు విత్తనాలనాడే ఇస్తారు. రైతుకు అప్పు తప్పింది. పండినదాన్ని 20 పాళ్లు వేస్తారు. 40 బస్తాలు పండితే ఇంటికి రెండు. 20 పండితే ఒకటే.

"అయితే పంట తగ్గితే మా డబ్బు నష్టమేగా?" అని మీరడగవచ్చు. నిజమే! కాని ఒక్కడి నడుము విరిచే బరువును 20 మంది ఎత్తితే తేలికవుతుంది. రైతుకూ బాధ్యత ఉన్నది. అతను లెక్కలు దాచకూడదు. ఒక్క పంటనే నమ్ముకోక కంది, కొర్ర, సజ్జకూడా వేస్తే, ఒకటి పోయినా మరొకటి దక్కుతుంది.

ముదిగుబ్బ ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే, చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో, 2008లో "ధరణి" అనే సహకార సంఘం ఏర్పడింది. ఇది ముందుగా డబ్బు కట్టే పద్ధతి కాదు. ఇందులో భాగస్తులు రైతులే. వాళ్లు పండించిన చిరుధాన్యాలను సంఘమే కొని, శుభ్రం చేసి అమ్ముతుంది. దారి వేరయినా, రైతును ఒంటరిగా విడవకూడదన్న ఆలోచన ఒకటే.

ఇప్పుడు మీకొక లెక్క. పైన చెప్పిన పొలంలో ఒక ఏడు 10 బస్తాలే పండాయి. ఇంటికి ఎంత వస్తుంది? మరుసటి ఏడు మీ ఇంట్లో మళ్లీ డబ్బు కడతారా? మొదటి ప్రశ్నకు జవాబు మీరే రాయండి. రెండోది అమ్మనూ, నాన్ననూ అడగండి.