నల్లా నీటికి ఒకటే దారి ఉండాలి

తాగునీరు కలుషితమై జనం ఆస్పత్రుల పాలైన ప్రతిసారీ మన చర్చ పాత పైపుల దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలరా ప్రాణాలు తీసినప్పుడు, 2018 మార్చిలో గుంటూరును అతిసారం కమ్మేసినప్పుడు తుప్పుపట్టిన లైన్లు మార్చాలని అందరూ అడిగారు. అది న్యాయమైన డిమాండే. కానీ పైపుకు చిల్లు పడినంత మాత్రాన మురుగు లోపలికి రాదు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ నీరు బయటికే చిమ్ముతుంది. ఒత్తిడి పడిపోయి పైపు పీల్చుకోవడం మొదలుపెట్టినప్పుడే చుట్టూ ఉన్న మురికి లోపలికి చేరుతుంది. అదే పీల్పు మన సంపుల్లో, బకెట్లలో ఉన్న నీటిని కూడా వీధి లైనులోకి లాగగలదు. అంటే వీధి నీటి భద్రతలో ప్రతి ఇంటి ప్లంబింగుకూ, ప్రతి హోటల్, ఆస్పత్రి ప్లంబింగుకూ వాటా ఉంది. అందుకే, నీరు వెనక్కి పారకుండా ఆపే ఏర్పాటు ఉంటేనే నల్లా కనెక్షన్ ఇవ్వాలి.

ఇది ఎలా జరుగుతుందో చూస్తే ఈ మాట అతిశయం కాదని తెలుస్తుంది. మన పట్టణాల్లో చాలా చోట్ల నీళ్లు రోజుకు కొద్దిసేపో, రోజు విడిచి రోజో వస్తాయి. సరఫరా కట్టేయగానే లైనులో మిగిలిన నీరు పల్లానికి జారుతుంది, మెరక మీది పైపుల్లో పీల్పు పుడుతుంది. చప్పుడు రాకూడదనో, నీళ్లు చిందకూడదనో సంపు అడుగుదాకా దించిన పైపు ఉంటే, గొట్టంతో కొబ్బరినీళ్లు తాగినట్టు ఆ సంపు నీటిని లైను తాగేస్తుంది. కారు కడిగే సబ్బునీటిలో మునిగిన రబ్బరు పైపుదీ, మొక్కల మందు కలిపే డ్రమ్ములో వదిలేసిన గొట్టానిదీ అదే కథ. లైనుకు నేరుగా మోటారు బిగిస్తే ఈ పీల్పును మనమే సృష్టించినట్టు. పక్కింటికి నీళ్లు అందకపోవడం అందులో కనిపించే నష్టం, చిల్లుల్లోంచి మురుగు లోపలికి రావడం కనిపించని నష్టం. బోరు లైనునూ మున్సిపల్ లైనునూ కలిపి మధ్యలో ఒక్క గేట్ వాల్వుతో సరిపెట్టే అలవాటు ఇంకో ప్రమాదం. ఆ వాల్వు కాస్త వదులైతే చాలు, బోరు మోటారు తోపుకు శుద్ధి చేయని నీరు వీధిలోకి ఎక్కుతుంది.

ఇందుకు చరిత్రలో సాక్ష్యాలున్నాయి. 1933లో ప్రపంచ ప్రదర్శన చూడటానికి షికాగో వెళ్లి రెండు పెద్ద హోటళ్లలో దిగినవారికి అమీబా విరేచనాలు సోకాయి. 1,400 మందికి పైగా జబ్బుపడ్డారు, 98 మంది చనిపోయారు. ఊరికి వచ్చే నీరు మంచిదే, హోటళ్ల లోపలి లోపభూయిష్టమైన ప్లంబింగులో మురుగు కలిసింది. 1969లో అమెరికాలోని వూస్టర్‌లో హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో 97 మందికి గాను 90 మందికి హెపటైటిస్ సోకింది. దగ్గర్లో మంటలార్పడానికి అగ్నిమాపక దళం నీరు తోడటంతో ఒత్తిడి పడిపోయి, మైదానంలో నేలలోకి దించిన స్ప్రింక్లర్ గుంటల మురికి నీరు తాగే కుళాయి లైనులోకి వచ్చింది. 2007లో ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణంలో, మురుగుశుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటి లైనుకూ తాగునీటి లైనుకూ మధ్య ఉన్న ఒక్క వాల్వు తెరుచుకోవడంతో ఎనిమిది వేల మందికి పైగా జబ్బుపడ్డారని అంచనా.

దీనికి వినిపించే మొదటి అభ్యంతరం: అసలు జబ్బు అరకొర సరఫరా అయినప్పుడు ఇళ్ల మీద పడటం ఎందుకని. 24 గంటలూ ఒత్తిడితో నీరివ్వడమే అసలు మందన్నది నిజం. 2021లో పూరీ నగరం అది మన దేశంలోనూ సాధ్యమేనని చూపింది. అయితే వూస్టర్, నోకియా రెండూ నిరంతర సరఫరా ఉన్న ఊళ్లే. మంచి సరఫరా ప్రమాదాన్ని తగ్గిస్తుంది గానీ తుడిచిపెట్టదు. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉందిగా అన్నది రెండో మాట. ఆ యంత్రం తాగే నీటినే కాపాడుతుంది. పళ్లు తోముకునే నీరు, కూరగాయలు కడిగే నీరు, చంటిబిడ్డకు స్నానం పోసే నీరు దాని గుండా రావు. పైగా అది కొనలేని ఇల్లే పక్కవాడి తప్పుకు ముందుగా బలవుతుంది. ఇక క్లోరిన్. మన తాగునీటి ప్రమాణం ప్రకారం నీటిలో మిగిలి ఉండాల్సిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. ఒక్కసారిగా వచ్చిపడే మురుగుకు ఆ కొద్దిపాటి క్లోరిన్ చాలదు, గట్టి పొర కప్పుకున్న అమీబా సిస్టులైతే దాన్ని తట్టుకుని బతుకుతాయి.

ఖర్చు మాటకూ జవాబుంది. సంపు ఉన్న ఇంటికి అన్నిటికన్నా నమ్మకమైన రక్షణ దాదాపు ఉచితం. నీరు పోసే పైపు మూతి, సంపు పొర్లే మట్టానికి కనీసం పైపు వ్యాసానికి రెట్టింపు ఎత్తున ఉంటే చాలు, గాలిని దాటి నీరు వెనక్కి పోలేదు. నీటిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు బిగిస్తే వచ్చే కాస్త నీరూ తగ్గుతుందన్న భయం తక్కువ ఒత్తిడి ఉన్న బస్తీల్లో సహేతుకమే. అక్కడ ఈ గాలి ఖాళీయే సరైన మార్గం, దానికయ్యే చిన్న ఖర్చును నీటి సంస్థే భరించాలి. ఆస్పత్రులు, ల్యాబులు, హోటళ్లు, రసాయనాలు వాడే పరిశ్రమల సంగతి వేరు. అక్కడ మామూలు నాన్ రిటర్న్ వాల్వు సరిపోదు, అందులో ఇసుక రేణువు ఇరుక్కున్నా అది మూసుకోదు. వాటికి మేలురకం పరికరం, ఏటా తప్పనిసరి పరీక్ష ఉండాలి.

నియమాలు లేక కాదు, 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతిలోని ప్లంబింగు భాగం నీరు వెనక్కి పారకుండా చూడాలనే చెబుతుంది. కొరవడింది అమలు. నిర్మాణ అనుమతికి అగ్నిమాపక ఏర్పాట్లు చూసినట్టే కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు సంపు పైపు ఎత్తు, బోరు లైను వేరుగా ఉందో లేదో చూడాలి. పాత కట్టడాల్లో ముందు ఆస్పత్రులతో, హోటళ్లతో మొదలుపెట్టి గడువు పెట్టాలి. ప్లంబర్లకు ఈ పనిలో శిక్షణ, గుర్తింపు ఇవ్వాలి. శుద్ధి కేంద్రాలకు కోట్లు ఖర్చుపెట్టే ప్రభుత్వాలు, ఆ నీరు చివరి గజంలో పాడవకుండా చూసే ఈ చిన్న పనిని ఇంకో భోలక్‌పూర్ దాకా వాయిదా వేయకూడదు.