జేబులోని పిస్తోలు – రాష్ట్రముల పొలిమేర

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక మనుష్యుడు పిస్తోలును చొక్కా మరుగున దాచుకొని నడివీథిలో తిరుగవచ్చునా, తిరుగుట కెవరి యనుమతి కావలెను అను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. 50 రాష్ట్రములుండగా 29 రాష్ట్రములలో, చట్టము నిషేధింపని పెద్దవాని కెవరి యనుమతియు నక్కరలేదు. తక్కిన రాష్ట్రములలో లైసెన్సు పుచ్చుకొనవలెను. న్యూయార్కు రాష్ట్రము 2022లో చేసికొన్న చట్టము ప్రకారము 16 గంటల పాఠము వినవలెను, 2 గంటలు తుపాకి కాల్చి చూపవలెను. వెర్మాంటులోనన్ననో, 1903లో ఆ రాష్ట్ర న్యాయస్థానము చెప్పిన తీర్పు మొదలు నేటివరకు ఇట్టి లైసెన్సన్న మాటయే లేదు.

ఈ భేదములను లెక్కచేయక, ఒక రాష్ట్రమున పిస్తోలు దాచుకొని తిరుగుటకు హక్కుగలవాడు, గుప్తాయుధమును బొత్తిగా నిషేధింపని ప్రతి రాష్ట్రమునందును అట్లే తిరుగవచ్చునని శాసింపగోరు బిల్లొకటి అమెరికా కాంగ్రెసు ముందుకు మాటిమాటికి వచ్చుచున్నది. 2017 డిసెంబరులో ప్రతినిధిసభ దానిని 231–198 ఓట్లతో ఆమోదించెను. సెనేటులో అది నిలిచిపోయెను. 2025లో మరల ప్రవేశపెట్టబడి, మార్చి నెలలో ప్రతినిధిసభ యొక్క న్యాయవ్యవహారముల సంఘమును దాటినది.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మనము అని పఠనమందిరమున ఈ పత్రికను చేతబట్టిన మిత్రుడు అడుగవచ్చును. తెలుగునాటి యువకులు వేలకొలది ఆ దేశమున చదువుకొనుచున్నారు. సాయంకాలములందు పెట్రోలు బంకులలోను, చిల్లర దుకాణములలోను పనిచేయుచు తుపాకిగుండ్లకు బలియైన మన బిడ్డల వార్తలు గడచిన సంవత్సరములలో పలుమారు వచ్చినవి. ఆ హత్యలకు లైసెన్సు చట్టమే కారణమని మేమనము. దోపిడికాడు లైసెన్సు పుచ్చుకొని రాడు. అయినను బిడ్డను అంతదూరము పంపిన తల్లిదండ్రులు అచ్చటి వీథి ఎవరి శాసనమునకు లోబడినదో తెలిసికొనగోరుట సహజమే గదా. ఆయుధచట్టమన్న మాట మన జాతీయోద్యమమునకును క్రొత్తది కాదు.

ఈ బిల్లును ఫెడరల్ ప్రభుత్వమునకును రాష్ట్రములకును నడుమ పోరాటముగా పత్రికలు వర్ణించుచున్నవి. మాకు అది సరియైన వర్ణనగా తోచదు. ఫెడరల్ ప్రభుత్వము తానొక ప్రమాణమును వ్రాసి, దేశమంతట అమలుజరిపినచో అది కేంద్రాధికారమగును. ఈ బిల్లులో అట్టి ప్రమాణ మేదియు లేదు. ఎంత శిక్షణ కావలెనో చెప్పదు. ఎట్టి పరీక్ష కావలెనో చెప్పదు. ఒక రాష్ట్రపు అనుమతిని మరియొక రాష్ట్రము తలవంచి అంగీకరింపవలెననుట మాత్రమే దాని సారము. లైసెన్సే యక్కరలేని రాష్ట్రపు నివాసి, తన ఫోటో గుర్తింపుపత్రము చేతబట్టుకొని వచ్చినను సరిపోవును! అనగా న్యూయార్కు నగరవాసి 16 గంటలు పాఠము విని, పరీక్షకు నిలిచి, విచారణకు కాచుకొనియుండగా, ఏ పాఠమును వినని పొరుగు రాష్ట్రీయుడు అదే రైలుపెట్టెలో, అతని ప్రక్కనే, నడుమున పిస్తోలుతో కూర్చుండవచ్చును. ఎనుబది లక్షలకు పైబడిన జనులు క్రిక్కిరిసియున్న ఆ నగరపు వీథులకు నియమమును వ్రాయునది వాషింగ్టను కాదు, ఆల్బనీ కాదు. అన్నిటికంటె సడలిన చట్టముగల యే రాష్ట్రమో అది. ఆ రాష్ట్రపు శాసనసభకు న్యూయార్కువారు ఓటువేసినవారు కారు.

న్యాయముకొరకు బిల్లులోని మినహాయింపులను గూడ చెప్పవలెను. ఫెడరల్ చట్టము ప్రకారము తుపాకి కలిగియుండరానివారికి అది వర్తింపదు. ఇంటి యజమాని, దుకాణదారుడు తమ ఆవరణలో ఆయుధమును కాదనవచ్చును; రాష్ట్రప్రభుత్వ భవనములలో రాష్ట్రమే కాదనవచ్చును. బండి నడపు లైసెన్సు అన్నిచోట్ల చెల్లుచుండగా దీనికేమి అడ్డమని బిల్లు పక్షమువా రడుగుచున్నారు. కాని బండి లైసెన్సును రాష్ట్రములు తమంత తామై అంగీకరించినవి. పరీక్ష పెట్టకయే బండి నడపనిచ్చు రాష్ట్రము వానిలో లేదు.

ఇందులో వినోదమును గలదు. తుపాకి కొనువాని పూర్వచరిత్రను స్థానిక పోలీసధికారులు విచారింపవలెనని 1993లో ఫెడరల్ ప్రభుత్వము శాసింపగా, మోంటానా, అరిజోనా రాష్ట్రముల షరీఫులు ఎదిరించిరి. రాష్ట్రముల యుద్యోగులచేత కేంద్రము వెట్టి చేయించుకొనరాదని 1997లో సుప్రీముకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను. నాడు రాష్ట్రస్వాతంత్ర్యము జయించినదని చప్పట్లు చరచిన పక్షమే నేడు రాష్ట్రముల నోరు కట్టుమని కాంగ్రెసును వేడుచున్నది. నాడు కేంద్రాధికారమును కొనియాడినవారు నేడు రాష్ట్రహక్కుల పాఠమును వల్లించుచున్నారు. వేషములు మార్చుకొనుటలో ఇరుపక్షములకును సమానమైన నేర్పు గలదు.

అట్లని స్థానికాధికారము పవిత్రమని మేము చెప్పజాలము. 1956 జనవరిలో అలబామా రాష్ట్రమునందలి మాంట్‌గొమరీ పట్టణములో మార్టిన్ లూథర్ కింగ్ యింటిపై బాంబు పడెను. ఆత్మరక్షణార్థము పిస్తోలు వెంటనుంచుకొనుటకు ఆయన లైసెన్సు కోరగా స్థానికాధికారులు నిరాకరించిరి. అహింసా మహోద్యమమునకు నాయకుడైన యాయనయే ఆనా డట్టి దరఖాస్తు పెట్టవలసివచ్చెననుట నాటి నీగ్రోజాతి బ్రతుకెట్టిదో తెలుపును. లైసెన్సు ఇచ్చుట యధికారి చిత్తమైనచో, ఆ చిత్తము ఏ రంగునుజూచి కరగునో వేరుగ చెప్పనక్కరలేదు.

మనకీ యనుభవము లేకపోలేదు. 1878 నాటి ఆయుధచట్టము భారతీయుని చేతినుండి ఆయుధమును లాగికొని, దాని నియమములు తెల్లవారికి మినహాయింపు నిచ్చినవి. ఆ యవమానము కాంగ్రెసు మహాసభలలో ఏండ్లతరబడి మారుమ్రోగినది. 1931లో కరాచీ తీర్మానము, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును పౌరహక్కులలో చేర్చెను. అయినను స్వతంత్రభారత రాజ్యాంగమును వ్రాయునపుడు, 1948 డిసెంబరులో, ఆ హక్కును చేర్పవలెనను సవరణను రాజ్యాంగసభ త్రోసిపుచ్చినది. ఆయుధములు కేంద్రజాబితాలో చేరినవి. 1959 నాటి చట్టము దేశమంతటికిని ఒక్కటే. దరఖాస్తు విచారించువాడు మాత్రము జిల్లాలోని యధికారి. చట్టము ఒక్కటైనంతమాత్రమున అధికారి చిత్తము మాసిపోలేదు. పలుకుబడి గలవాని యింటికి దారి యెరిగినట్లు మన లైసెన్సులు సామాన్యుని యింటికి దారి యెరుగవు.

కావున 2022 జూనులో అమెరికా సుప్రీముకోర్టు న్యూయార్కు రాష్ట్రపు పాత పద్ధతిని కొట్టివేసినపుడు మాకు పూర్తిగా విచారము కలుగలేదు. విశేషమైన యవసరమును చూపినగాని లైసెన్సు లేదని నూరేండ్లకు పైగా నడచిన పద్ధతియది. అవసరము విశేషమా కాదా యని తేల్చువాడు అధికారి. దానిని 6–3 మెజారిటీతో న్యాయస్థానము చెల్లదన్నది. ఇతర భాగములలో ఆ తీర్పు త్రోవ మాకు సమ్మతము కాదు; చరిత్రలో ఇట్టి నియమముండెనా యని రెండువందల యేండ్ల కాగితములు వెదకి నేటి నగరమునకు చట్టము నిర్ణయించుట వింతగ నున్నది. అయినను లైసెన్సు పద్ధతియే కూడదని ఆ తీర్పు చెప్పలేదు. నియమము వ్రాతమూలకముగ నుండి, అందరికి నొక్కటియైనచో, శిక్షణయు పరీక్షయు రాష్ట్రము పెట్టవచ్చును. ఆ చిన్న స్థలమును గూడ కాంగ్రెసు తుడిచివేయబూనుటనే మేము నిరసించుచున్నాము.

పొలిమేర దాటినవాని కష్టము నిజమే. పెన్సిల్వేనియాలో లైసెన్సుగలవారు న్యూజెర్సీలో అడుగిడి, ఆ రాష్ట్రపు చట్టము తెలియక, చెరసాల గుమ్మమువరకు పోయిన సందర్భములు గలవు. దానికి మందు గలదు: రాష్ట్రములలో పెక్కు ఇదివరకే పరస్పర యంగీకారముతో ఒండొంటి లైసెన్సులను మన్నించుచున్నవి. అది చాలదని, దేశమంతట నొక్కటే కావలెనని కాంగ్రెసు తలచునేని, ముందు తన ప్రమాణమును తాను వ్రాయవలెను. ఎన్నిగంటల శిక్షణ, ఎట్టి పరీక్ష, అర్ధరాత్రి బాటలో బండి నాపిన పోలీసువాడు ఎదుటివాని హక్కును సరిచూచుకొనుటకు ఎట్టి పట్టిక – ఈ మూడు చెప్పవలెను. 2017లో ప్రతినిధిసభ ఆమోదించిన బిల్లు, పొరపాటున నిర్బంధించిన యాపోలీసువానిపై దావా వేయుటకు మాత్రము హక్కిచ్చినది. కావలసిన మూడింటిలో నొక్కటియు దానిలో లేదు.