గోడ దాటిన ప్రింటరు

ఇంట్లో వస్తువు ఒకటై అవసరం నలుగురిదైతే ఏం జరుగుతుందో సంసారులకు వేరే చెప్పనక్కర్లేదు. పూర్వం రుబ్బురోలు దగ్గరా, నూతి గట్టు మీదా జరిగిన తగవులే ఇప్పుడు ప్రింటరు దగ్గర జరుగుతున్నాయి. అమ్మాయికి కాలేజీ రికార్డు కావాలి. అబ్బాయికి హాల్ టిక్కెట్టు కావాలి. శ్రీమతికి ఇన్సూరెన్సు రశీదు కావాలి. నాకు మర్నాటికల్లా ప్రశ్నపత్రం కావాలి. ప్రింటరు మాత్రం హాల్లో పాత కంప్యూటరు పక్కన, గుంజకు కట్టిన గేదెలా కదలకుండా వుంటుంది. ఎవరి లాప్‌టాప్ వాళ్లు చంకన పెట్టుకుని దాని దగ్గరికి నడవాలి. లేదా పెన్‌డ్రైవు పట్టుకెళ్లి, కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లను బతిమాలాలి.

“ఇది తీసేసి వై-ఫై వున్నది కొనండి సార్” అంటారు దుకాణంవాళ్లు. వాళ్ల వ్యాపారం వాళ్లది. కాని మా ప్రింటరు ఇన్నేళ్లలో ఒక్క పూటైనా మొరాయించి ఎరగదు. వైరు లేకుండా మాట్లాడటం తెలియకపోవటమొక్కటే దాని లోపం. ఆ పాటి లోపానికి పనిచేసే వస్తువును పాతసామాన్లవాడి తక్కెట్లో వెయ్యటం నాకు మనస్కరించలేదు. భాష రాని చుట్టానికి పక్కన తెలిసినవాణ్ణి ఒకణ్ణి కూర్చోబెడితే సరిపోతుంది గదా! ఆ తెలిసినవాడే నేనిప్పుడు చెప్పబోయే చిన్న బోర్డు.

దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. పేరు విని తినుబండారం అనుకునేరు. అది నిజంగా కంప్యూటరే. బడిపిల్లలు తక్కువ ఖర్చులో కంప్యూటరు విద్య నేర్చుకోవాలని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులూ తలపెట్టి, 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి తెచ్చారు. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56. అంటే చొక్కా జేబులో పడుతుంది. 2016లో వచ్చిన మూడో రకంలో మొదటిసారిగా వై-ఫై బోర్డు మీదనే అమర్చారు. ఆ రకానికి యూఎస్‌బీ వైర్లు తగిలించుకునే రంధ్రాలు నాలుగు.

యూఎస్‌బీ అంటే జ్ఞాపకం వచ్చింది. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడు మన దేశస్థుడే. బరోడాలో పుట్టిన అజయ్ భట్, అమెరికాలో ఇంటెల్ కంపెనీలో వుండి చేసిన కృషి అది. 1996లో మొదటి ప్రమాణం వెలువడింది. అంతకు ముందు కీబోర్డుకో రంధ్రం, ప్రింటరుకో రంధ్రం, ఏది దేనికో తెలియక అవస్థ. ఆ అవస్థ తీరింది గాని, తీగకు హద్దు మాత్రం మిగిలింది. రెండో తరం యూఎస్‌బీ తీగ 5 మీటర్లు దాటకూడదు. హాల్లోంచి మేడ మీదికి అది చాలదు.

ఈ హద్దు దాటించే ఉపాయం జపానులో పుట్టింది. నారా శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థలో తకహిరో హిరోఫుచి అనే పరిశోధకుడు, సహచరులతో కలిసి యూఎస్‌బీ-ఐపీ అనే పద్ధతి కనిపెట్టి 2005లో దాన్ని గురించి పత్రం ప్రకటించాడు. కొన్నేళ్లు ఉమ్మేదువారుగా వుంచిన మీదట, 2014లో లినక్స్ దాన్ని తన మూలభాగంలో స్థిరంగా చేర్చుకుంది. అంచేత దానికి విడిగా పైసా ఇవ్వనక్కర్లేదు.

పద్ధతి ఎలాంటిదంటారా? మా ఇబ్రహీంపట్నంవాళ్లకు విప్పి చెప్పటం తేలిక. 2015లో పట్టిసీమ దగ్గర గోదావరి నీటిని పంపులతో ఎత్తి పోలవరం కుడి కాలవలో పోస్తే, ఆ నీరు మా ఊరి ఫెర్రీ దగ్గరికొచ్చి కృష్ణలో కలిసింది. ఆ చోటికి పవిత్ర సంగమమని పేరు పెట్టుకున్నాం. గోదావరి నది తన చోటునుంచి కదల్లేదు, నీళ్లు కదిలాయి. ప్రకాశం బారేజీ దాటి డెల్టా కాలవల్లో పారే నీళ్లలో ఇది ఏ నదిదని వరిచేను అడగదు. సరిగ్గా అలాగే, ప్రింటరు హాల్లోనే వుంటుంది. మేడ మీది లాప్‌టాప్ దానికి చెప్పదలచిన మాటల్ని పొట్లాలు కట్టి వై-ఫై మీద పంపిస్తుంది. బోర్డు ఆ పొట్లాలు విప్పి వైరులోకి ఎక్కిస్తుంది. లాప్‌టాప్‌లో లేని రంధ్రం ఒకటి వున్నట్టుగా కల్పితమవుతుంది. ప్రింటరు తన ఒంటికే తగిలించి వుందని అది నమ్ముతుంది. పని జరిగిపోతుంది.

ఇందుకు నేర్వవలసిన మాటలు ముఖ్యంగా మూడు: లిస్ట్, బైండ్, అటాచ్. మొదటిది ఏమేం తగిలించి వున్నాయో చెబుతుంది. రెండోది ఫలానా వస్తువును పంపకానికి కేటాయిస్తుంది. ఈ రెండూ బోర్డు మీద. మూడోది మన కంప్యూటరు మీద. అది ఆ వస్తువును మనకు తగిలిస్తుంది. విండోస్ వాడేవారికీ ఉచితంగా దొరికే సాధనాలున్నాయి. ఒక్క జాగ్రత్త: కరెంటు పోయి వస్తే కేటాయించిన మాట బోర్డు మరిచిపోతుంది. లేవగానే తనంత తానే ఆ మాట అనుకునేలా ముందే రాసి పెట్టాలి. థర్మల్ స్టేషను పొగగొట్టాల నీడలో కాపురముంటూ కరెంటు పోవటమేమిటని మాత్రం అడక్కండి.

ఇక అసలు సంగతి. కాలవ వచ్చినంత మాత్రాన తగవు తీరదు, వంతులు కావాలి. యూఎస్‌బీ-ఐపీలో ఒక వస్తువు ఒక సమయంలో ఒక్క కంప్యూటరుకే దక్కుతుంది. అమ్మాయి తగిలించుకుని వదలటం మరిచి నిద్రపోయిందా, తెల్లవార్లూ ప్రింటరు ఆమెదే. అంచేత ఒట్టి ప్రింటరే అయితే ఇంతకన్నా మంచి దారి వుంది. అదే బోర్డులో కప్స్ అనే ఏర్పాటు చేసుకుంటే, నలుగురు ఒకేసారి పంపినా కాగితాలు వరస కట్టి ఒకటి తరవాత ఒకటి వస్తాయి. స్కానరుకు సేన్ అనే ఏర్పాటుంది. హార్డు డిస్కులోని ఫైళ్లు పంచుకోవటానికి సాంబా వుంది. డిస్కును యూఎస్‌బీ-ఐపీతో తగిలించి, రాస్తూ వుండగా వై-ఫై తెగితే ఫైళ్లు పాడయ్యే ప్రమాదముంది. కెమేరా బొమ్మ, మైకు ధ్వని కూడా ఈ దారిలో నత్తి కొడతాయి.

మరి యూఎస్‌బీ-ఐపీ దేనికంటే, మరో ఉపాయం లేనివాటికి. డీటీపీవాళ్ల సాఫ్ట్‌వేరుకు తాళంచెవిలా వుండే డాంగిల్, ఆడిటర్ల డిజిటల్ సంతకపు టోకెన్, పాత కంపెనీ సాఫ్ట్‌వేరు తప్ప మరొకటి ఎరగని యంత్రం, ఇలాంటివాటికి అదే దిక్కు. ఆ డాంగిల్‌ను ఎంతమంది వాడవచ్చునో లైసెన్సులో చదువుకోవటం మాత్రం మన ధర్మం.

సంతకమంటే గుర్తొచ్చింది, తూముకు తలుపు సంగతి. ఈ పద్ధతిలో మామూలుగా బోర్డు 3240 అనే నంబరు ద్వారం దగ్గర కూర్చుని వుంటుంది. వచ్చినవాణ్ణి నువ్వెవరని అడగదు, సంకేతపదం కోరదు. దారిలో మాటల్ని రహస్యలిపిలోకి మార్చదు కూడా. మన వై-ఫైలోకి వచ్చినవాడెవడైనా వస్తువు ఖాళీగా వుంటే తగిలించుకోవచ్చు. టోకెన్‌కు వేరే పిన్ వుంటుంది, నిజమే. కాని ఇంటి పెద్ద సంతకాన్ని వీధి అరుగు మీద పెట్టి, పెట్టెకు తాళం వుందిలే అని నిద్రపోతామా?

మన ఇళ్లలో చిక్కంతా ఇక్కడే. పొరుగింటావిడ వచ్చి, “వదినగారూ, మా నెట్టు పోయింది. మీ వై-ఫై మాటేదో చెబుదురూ!” అంటే కాదనటం మర్యాద కాదు. పప్పు బదులిచ్చినట్టే అదీ ఇచ్చేస్తాం. బదులిచ్చిన పప్పు తిరిగొస్తుంది. చెప్పిన మాట తిరిగి రాదు. అది వాళ్ల చుట్టాలకూ, ఆ చుట్టాల పిల్లలకూ చేరుతుంది. అందుకు ఉపాయం: చాలా రౌటర్లలో అతిథులకు వేరే నెట్‌వర్కు పెట్టే వీలుంది. వచ్చినవాళ్లకు అది ఇవ్వండి. బోర్డును ఇంటివాళ్ల నెట్‌వర్కులోనే వుంచండి. 3240 ద్వారాన్ని రౌటరులో బయటి ప్రపంచానికి తెరవకండి. ఊరినుంచి వాడుకోవలసిన అవసరమే వస్తే, ముందు వీపీఎన్ అనే తాళం వేసిన దారి ఒకటి వేసుకోండి.

ఇంతా చేస్తే బోర్డుకు ఒకసారి పెట్టే ఖర్చు, ఒక ఆదివారం శ్రమ. తగవులు బొత్తిగా పోతాయని నేను హామీ ఇవ్వను. మా ఇంట్లో ఇప్పుడు ప్రింటరు ఎవరిదనే ప్రశ్న లేదు గాని, అందులో కాగితాలు పెట్టటం ఎవరి వంతనే ప్రశ్న వచ్చింది. దానికి ఏ దేశంవాళ్లూ ఇంకా పద్ధతి కనిపెట్టినట్టు లేదు.