తీగచుట్టయు దూదివత్తియు

చుట్ట యన్నంతనే మన జిల్లాలలోని పెద్దలకు పొగాకుచుట్టయే స్మృతికి వచ్చును. నేడు మేము వ్రాయదలచినది వేఱొక చుట్టను గూర్చి. సన్నని లోహపు తీగను ఆఱేడు మారులు చుట్టి, ఆ చుట్ట నడుమ దూదివత్తిని దూర్చి, బ్యాటరీతో వేడిచేసి, వత్తి పీల్చుకొనిన ద్రవమును ఆవిరిగా మార్చి పీల్చుట పాశ్చాత్య దేశములలో అనేకులకు అలవాటై యున్నది. దీనికి వేపింగని పేరు. తీగయు వత్తియు నుండు చిన్న పాత్రకు ఆటమైజరని పేరు. తీగచుట్టను అచ్చట కాయిలందురు. అంగడిలో కొన్నదానిని అట్లే వాడి పారవైచువారు కొందఱు. తీగను తామే చుట్టి, దూదిని తామే యమర్చుకొనువారు మఱికొందఱు. ఈ రెండవ తెగవారి పనియందలి మేలును, అపాయమును ఆలోచింపవలసిన సమయము వచ్చినది.

బ్రిటనులో 2025 జూన్ 1వ తేదీనుండి ఒకమారు వాడి పారవేయు వేపింగు పరికరముల విక్రయము నిషిద్ధమైనది. ఇందుకు ముఖ్యకారణములు రెండు. రంగులకును రుచులకును లోబడి బాలురు వానిని చేపట్టుట మొదటిది. చెత్తకుప్పలు పెరుగుట రెండవది. వారమునకు సుమారు 50 లక్షల పరికరములు పారవేయబడుచున్నవని 2023లో మెటీరియల్ ఫోకస్ అను సంస్థ లెక్క తేల్చినది. ప్రతిదానిలోను ఒక లిథియము బ్యాటరీ యుండెను. చెత్తబండ్లలో నలిగినప్పుడు అట్టి బ్యాటరీలు మంటలు పుట్టించును. క్రొత్త నిబంధనల ప్రకారము అమ్మదగిన పరికరమును మరల ఛార్జిచేయుటకును, మరల ద్రవముతో నింపుటకును, అందలి కాయిలును మార్చుటకును వీలుండవలెను.

ఈ శాసనము మంచిదే. కాని కాయిలు మార్చుటకు వీలుండవలెనన్న నియమము సగము దారియే నడచినది. కాయిలును మూసిన గొట్టములో బిగించి అమ్మినప్పుడు, అది మాడినప్పుడెల్ల గొట్టము మొత్తము చెత్తలోనికి పోవును. నిజమునకు లోపల చెడినది చిటికెడు దూది మాత్రమే. చేతితో కట్టుకొనువాడు ఆ దూదిని లాగివైచి, తీగను శుభ్రపఱచి, క్రొత్త దూదిని దూర్చి, మరల పని జరుపుకొనును. కొద్ది మూరల తీగయు పిడికెడు దూదియు అతనికి నెలల తరబడి వచ్చును. పొదుపునందును, చెత్త తగ్గించుటయందును ఇతని మార్గమే మేలని యొప్పుకొనక తప్పదు. అయితే ఈ మార్గమునకు ఒక విద్య కావలెను. అది లేనివాని చేతిలో ఇదే మార్గము ప్రాణాంతకము కాగలదు.

మొదట వత్తి సంగతి చూతము. దీపారాధన జరుగు ఇంట పెరిగినవారికి ఇందు సగము తెలిసినదే. వత్తిని మరీ బిగువుగా చేసినచో నూనె పైకెక్కదు, దీపము కొడిగట్టును. ఆటమైజరునందును అంతే. కాయిలు నడుమనున్న దూది లాగినచో కొంచెము పట్టుతో జారవలెను గాని తీగను వంచరాదు. తడిసిన దూది ఉబ్బును గనుక ఆ మేరకు చోటు విడువవలెను. బిగువెక్కువైనచో ద్రవము పాఱక నడిమిభాగము ఎండును. వదులెక్కువైనచో ద్రవము నిండి గాలిదారిలోనికి కాఱును. వత్తికొసలు ద్రవమును అందుకొనునంత పొడవుండవలెను. గాలిదారిని మూయునంత పొడవుండరాదు. కట్టిన వెంటనే వత్తి నంతను ద్రవముతో తడిపి, అది లోపలివఱకు ఇంకిన పిమ్మటనే మీట నొక్కవలెను.

ఇది రుచికొఱకు చెప్పిన మాట కాదు. ద్రవములో ముఖ్యములైనవి ప్రొపిలీన్ గ్లైకాలును గ్లిసరినును. మొదటిది సుమారు 188 డిగ్రీల సెంటిగ్రేడున, రెండవది సుమారు 290 డిగ్రీలయొద్ద మరుగును. వత్తి తడిగా నున్నంతకాలము తీగవేడి ద్రవమును ఆవిరిచేయుటకే వ్యయమగుచు హద్దులో నుండును. తడి తీరినంతనే వేడి హద్దు దాటును, దూది మాడును, గ్లిసరిను విఱిగి అక్రోలీను, ఫార్మాల్డిహైడు మొదలగు విషపదార్థములు పుట్టును. 2015లో అమెరికాలోని పోర్ట్‌లాండు స్టేటు విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒక పరికరమును 3.3 వోల్టులయొద్ద నడిపినప్పుడు ఫార్మాల్డిహైడు నిచ్చు పదార్థములు కనబడలేదనియు, 5 వోల్టులయొద్ద కనబడెననియు ప్రకటించిరి. అంత మాడిన ఆవిరిని మనుష్యు డెవ్వడును ఓర్చి పీల్చజాలడని విమర్శించినవారును కలరు. ఈ వాదము ఎట్లు తేలినను ఉభయపక్షముల మాటలనుండియు గ్రహింపదగిన దొక్కటే: వత్తి ఎండనీయరాదు, వత్తి తేలేని ద్రవమునకు మించి తీగను కాల్చరాదు.

ఇక తీగ. విద్యుత్తు ప్రవహించునప్పుడు ఎఱ్ఱగా కాలియు కరగక, తుప్పు పట్టక నిలుచు తీగలు ఈ పనికొఱకు పుట్టినవి కావు. నికెలు క్రోమియముల మిశ్రమమైన నిక్రోముకు అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందెను. ఇనుము, క్రోమియము, అల్యూమినియముల మిశ్రమమైన కాంథాలు స్వీడను దేశములో పుట్టినది. విద్యుత్ పొయ్యిలకును కొలుములకును వాడిన ఈ తీగలనే నేడు ఆటమైజరులో చుట్టుచున్నారు. తీగ సన్ననైనకొలదియు, పొడవైనకొలదియు దాని నిరోధము హెచ్చును. 0.32 మిల్లీమీటర్ల లావుగల కాంథాలు తీగను 3 మిల్లీమీటర్ల కడ్డీపై ఆఱు చుట్లు చుట్టినచో, కాళ్లతో కూడ సుమారు 1.2 ఓములు వచ్చును. అట్టి చుట్టలు రెండింటిని ప్రక్కప్రక్కన బిగించినచో నిరోధము రెట్టింపగునని తెలియనివారు తలంతురు. అది తప్పు. విద్యుత్తునకు రెండు దారులు దొరకుటచే నిరోధము సగమై 0.6 ఓములగును.

చుట్టను బిగించిన పిమ్మట తీగకాళ్ల మిగులును మర మొదటికంట కత్తిరింపవలెను. ఆ కొస పైమూతకు తగిలినచో విద్యుత్తు కాయిలును విడిచి అడ్డదారి పట్టును. దూది పెట్టకమునుపు మీటను క్షణకాలము నొక్కి చూచినచో చుట్ట నడుమనుండి ఇరుప్రక్కలకు సమముగా ఎఱ్ఱబాఱవలెను. ఒకచోట ముందుగా మండుచున్నచో చుట్లు సరిగా నమరలేదని యర్థము. చల్లారిన పిమ్మట వానిని సర్దవలెను. కాంథాలునకును నిక్రోమునకును ఈ పరీక్ష తగును. టైటానియము తీగను మాత్రము ఎఱ్ఱగా కాల్చరాదు, అది మండును.

అన్నిటికంటె ముఖ్యమైనది లెక్క. 1827లో జర్మనీ దేశపు గేయార్గ్ ఓము ప్రకటించిన సూత్రము మన ఉన్నత పాఠశాలల విద్యార్థులకు తెలిసినదే. వోల్టులను ఓములచే భాగించినచో ఆంపియరులు వచ్చును. నిండుగా ఛార్జియైన లిథియము బ్యాటరీ 4.2 వోల్టు లిచ్చును. కాయిలు 0.6 ఓములైనచో 7 ఆంపియరులు; 0.2 ఓములైనచో 21, 0.1 ఓమైనచో 42. ఈ పనిలో విరివిగా వాడు 18650 రకపు బ్యాటరీలలో మంచివి సయితము ఎడతెగక ఇయ్యగలిగినది 20 ఆంపియరుల ప్రాంతమే. ఆ హద్దు దాటినచో బ్యాటరీ వేడెక్కును. లోపలి పదార్థములు తమంతట తామే ఉడుకుట కారంభించును. ఆవిరి వెడలు దారి లేనిచో గొట్టము పేలును. నియంత్రణ చిప్పు గల పరికరములు నిరోధమును కొలిచి, హద్దు మీఱినచో ప్రవాహము నాపును. చిప్పు లేక బ్యాటరీయు, మీటయు, కాయిలును మాత్రమే యున్న లోహపు గొట్టములకు అట్టి కాపుదల లేదు. అందు మనుష్యుని లెక్కయే కాపుదల.

ఇది పుస్తకభయము కాదు. 2009 మొదలు 2016 వఱకు అమెరికాలో పత్రికల కెక్కిన ఇట్టి మంటలను, ప్రేలుళ్లను ఆ దేశపు అగ్నిమాపక పాలనాశాఖ 195గా లెక్కించినది. 133 మంది గాయపడిరి. వారిలో 38 మంది గాయములు తీవ్రమైనవి. 2018లో ఫ్లోరిడాలో ఒకరును, 2019లో టెక్సాసులో ఒకరును పరికరము పేలి మరణించిరి. అన్నిటికిని కాయిలే కారణమని చెప్పుట న్యాయము కాదు. జేబులో తాళపుచెవులతోను నాణెములతోను కలిసి యుండగా కొన్ని బ్యాటరీలు మండినవి. ఛార్జి యగుచుండగా కొన్ని పేలినవి. పైతొడుగు చిరిగిన బ్యాటరీ, లెక్కకందని కాయిలు, చిప్పు లేని గొట్టము ఒకచోట చేరినచో మాత్రము ప్రమాదమును వెదకి తెచ్చుకొనినట్లే.

ఇట్టి స్థితిలో ఈ వస్తువుల విక్రయమున కనుమతించిన ప్రభుత్వములు చేయవలసిన వేమి? బ్యాటరీలపై ఆంపియరుల సంఖ్యను యథార్థముగా ముద్రింపజేయుట మొదటిది. ఒకరు చేసిన బ్యాటరీకి మఱియొకరు క్రొత్త తొడుగు తొడిగి, పెద్ద సంఖ్య వేసి యమ్ముట ఈ వ్యాపారములో నెఱిగిన మోసము. ఆ సంఖ్యను నమ్మి తీగ చుట్టినవాని లెక్క ఎంత సరియైనను వ్యర్థమే. తీగచుట్టతోపాటు ఓము కొలత, హద్దు పట్టిక గల కాగితము నిచ్చునట్లు వర్తకుల నిర్బంధించుట రెండవది. నిరోధమాపకము లేనివానికి చిప్పులేని గొట్టము నమ్మకుండుట మూడవది. పారవేయు పరికరమును నిషేధించి, చేతితో కట్టుకొనువానికి చదువు చెప్పకుండుట చెత్తకుప్పలోని మంటను ఇంటిలోనికి తెచ్చుటయే యగును.

చేతితో కట్టుకొనిన మాత్రమున నికొటిను మేలు చేయునని మేము చెప్పుట లేదు. అది వ్యసనమును పుట్టించునది. బాలురకును, పొగ త్రాగుట యెఱుగనివారికిని ఈ ఆవిరితో పనిలేదు. పొగ మానలేనివారికి దీనిని మెట్టుగా వాడుకొనవచ్చునని ఇంగ్లండు వైద్యాధికారులు తలంచిరి. 10 లక్షల మందికి పరికరము లిచ్చు పథకమును 2023లో అచ్చటి ప్రభుత్వము ప్రకటించినది. భారతదేశము వేఱు దారి పట్టినది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సును, డిసెంబరులో చట్టమును చేసి తయారీని, దిగుమతిని, ఎగుమతిని, విక్రయమును, ప్రకటనను నిషేధించినది. మొదటి నేరమునకు ఒక సంవత్సరము వఱకు ఖైదు గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. నిలువ చేయుటకు వేఱుగ శిక్ష కలదు. నిషేధము సంపూర్ణ వస్తువునకే కాక దాని భాగములకును వర్తించును. భాగములను కూర్చుటయు తయారీయే యని చట్టము చెప్పుచున్నది. విదేశములలో చదువుకొను మన యువకులు సెలవులకు వచ్చునప్పుడు ఈ సంగతి మఱవరాదు. అచ్చట అంగడిలో దొరకు ఆటమైజరు ఇచ్చట నేరవస్తువు.

ఆ చట్టమును తొలగింపుడని మేము కోరుట లేదు. కాని బీడియు సిగరెట్టును ప్రతి వీధిమొగను అమ్ముడగుచుండగా, గుంటూరున కేంద్రముగా పొగాకు బోర్డు పంట విక్రయమును నడుపుచుండగా, ఆవిరి నొక్కదానిని నిషేధించుటచే ప్రజారోగ్యము సురక్షితమైనదని ప్రభుత్వము తృప్తిపడరాదు. నిషేధమును ఉల్లంఘించువారిని గూర్చి తెలుపుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2023లో ప్రత్యేకముగ ఏర్పాటు చేయవలసి వచ్చినది. అనగా నిషేధించిన వస్తువు చాటున చేతులు మాఱుచునే యున్నదని ప్రభుత్వమే యెఱుగును. చాటున కొన్నవానికి కాగితమును లేదు, పట్టికయు లేదు, బ్యాటరీపై సంఖ్య నిజమని చెప్పువాడును లేడు. శిక్ష విధించుట పోలీసుల పని. అపాయమును తెలుపుట ఉపాధ్యాయుల, వైద్యుల, తల్లిదండ్రుల పని. మొదటిది జరుగుచున్నదని రెండవదానిని మానరాదు.

పైగా ఆ లెక్క ఈ వ్యసనమునకు మాత్రమే సంబంధించినది కాదు. లిథియము బ్యాటరీ నేడు మన జేబులోని ఫోనులోను, వాకిటిలోని విద్యుత్ స్కూటరులోను కలదు. హద్దు మీఱిన ప్రవాహమును, చిరిగిన తొడుగును, అడ్డదారి పట్టిన విద్యుత్తును ఎఱిగిన బాలుడు ఆ గొట్టము జోలికి పోకుండుటయే కాక, తన యింటిని గూడ కాపాడుకొనును. లెక్క తెలియనివాడు తీగను ముట్టరాదు. లెక్క తెలిసినవాడు దానిని చెప్పక యూరకుండరాదు.